అది ఓడ కాదు, గొర్రె

ఇంగ్లీష్ సామెతలంటే చాలామందికి స్కూల్లో బట్టీ పట్టి పరీక్షలో రాసేసిన లైన్లుగానే గుర్తు, నాకూ అంతే. కానీ వాటి వెనక ఎవరున్నారా అని చూడ్డం మొదలుపెట్టాక ఇంక వదలబుద్ధి కావట్లేదు, ఎందుకంటే చాలావరకు అవి పని చేసుకునేవాళ్ళ నోట్లోంచి వచ్చిన మాటలు.

హాఫ్‌పెన్నీ (అర పెన్నీ, అప్పటి చిన్న నాణెం) తారు దగ్గర కక్కుర్తి పడి షిప్‌ని పాడుచేసుకోకు అని ఒకటుంది. చెక్క ఓడలకి నీళ్ళు దిగకుండా తారు పూస్తారు కదా, అర్థం సరిగ్గా కుదిరిపోయింది, అందుకే నేనూ ఏళ్ళ తరబడి ఓడ గురించే అనుకున్నా. అసలది షీప్! ఇంగ్లండ్‌లో కొన్ని పల్లె యాసల్లో షీప్‌ని షిప్ అనే పలికేవాళ్ళు, అలా గొర్రె కాస్తా ఓడైపోయింది. గొర్రె ఒంటిమీద చిన్న గాయమైనా ఈగలు వాలి గుడ్లు పెడతాయి, పురుగు పడుతుంది, అదంతా ఉన్ని కింద జరుగుతుంది కాబట్టి పైకి ఏమీ కనపడదు, తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది. అందుకని కాపరి తన దగ్గర తారు పెట్టుకునేవాడు, గాయం కంటపడగానే ఇంత తీసి పూసేవాడు. మిగిలేది హాఫ్‌పెన్నీ, పోయేది గొర్రె. ఇది తెలిశాక నాకు ఓడ అర్థం చప్పగా అనిపిస్తోంది నిజంగా.

ఎండ ఉండగానే గడ్డి ఎండబెట్టుకో అనేది కూడా అలాంటిదే. 1546లో అచ్చైన జాన్ హేవుడ్ అనే రచయిత సామెతల పుస్తకంలోనే ఉంది, అంటే జనం నోట్లో ఇంకా ముందునుంచే ఉండుంటుంది. మనం దీన్ని దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమనే మాటతో జత కలిపి చదివేసి ఊరుకుంటాం గానీ అక్కడ రైతుకి అది చలికాలమంతా పశువుల్ని బతికించుకునే విషయం, కోసిన గడ్డి తడిస్తే బూజు పడుతుంది, పచ్చి ఆరకుండా వామి వేస్తే లోపల్లోపలే వేడెక్కి ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది కూడా, పైగా ఇంగ్లండ్‌లో ఎండని నమ్ముకోడానికి లేదు. అందుకే ఆ మాటలో అంత తొందర.

సాయంత్రం ఆకాశం ఎర్రబడితే కాపరికి సంతోషం, పొద్దున ఎర్రబడితే జాగ్రత్త అనే సామెతకైతే సైన్సు కూడా తోడుంది. సాయంత్రం ఎరుపంటే పడమటి దిక్కున మబ్బు లేదని, ఇంగ్లండ్ మీదకి వాతావరణం ఎక్కువగా అట్లాంటిక్ వైపు నుంచే వస్తుంది కాబట్టి రేపు వచ్చేది ఆ పొడి గాలే. అదే పొద్దున ఎరుపైతే ఆ మంచి గాలి తూర్పుకి దాటిపోయినట్టు. గాలులు తూర్పు నుంచి వీచే ప్రాంతాల్లో మాత్రం ఈ మాట పనికిరాదు, అది పనికొచ్చేది ఇంగ్లండ్‌లా పడమటి గాలి వీచే చోట ఆకాశం చూసేవాళ్ళకే.

అన్నీ నిజాలే అనను. సెయింట్ స్విథిన్ అనే క్రైస్తవ సాధువు పేరిట ఉన్న రోజున, అంటే జులై 15న, వాన పడితే వరసగా 40 రోజులు పడుతుందంటారు, రికార్డుల్లో అలా ఒక్కసారి కూడా జరగలేదు. అయినా ఆ మాట చెప్పుకున్నవాళ్ళ మీద నాకు గౌరవం తగ్గలేదు, కోతకొచ్చిన పంటని పొలంలో పెట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డ మనిషి ఏదో ఒక లెక్క వేసుకోకుండా ఎలా ఉంటాడు.