బ్రైట్ ఏంజెల్ బాటలో

అమెరికాలోని మహాలోయ గ్రాండ్ కాన్యన్ దక్షిణ ద్వారం దగ్గర కారుకు 35 డాలర్లు కట్టమంటే ప్రాణం ఉసూరుమంది. ముందురోజు ఫ్లాగ్‌స్టాఫ్‌లో హోటల్ గదికి పోసిన డబ్బు బాధే ఇంకా తీరలేదు. "వారం రోజులు చెల్లుతుంది నాన్నా" అన్నాడు ఫీనిక్స్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన మా అబ్బాయి. మాకున్నది ఒక్క పూట!

అంచు మీద నుంచి చూసేవన్నీ త్వరగానే ముగించాం. బ్రైట్ ఏంజెల్ బాటలోకి దిగాకే అసలు కాన్యన్ కనిపించింది. ఒక మలుపులో కంచరగాడిదల వరుస ఎదురైంది. "కొండవైపు జరగండి, కదలకుండా నిలబడండి" అని ముందున్న మనిషి కేక వేశాడు. రాతికి వీపు ఆనించి నిలబడ్డాం. జీనుల కిర్రుకిర్రు, చెమట వాసన, ముక్కుల్లోకి ఎర్రదుమ్ము.

వందేళ్ల కిందట ఇలా స్వారీ చేస్తూ దిగే ప్రతివారి దగ్గరా రాల్ఫ్ కామెరాన్ అనే వ్యాపారి డాలరు వసూలు చేసేవాడు. బాట బాగుచేయించింది తానే కాబట్టి తనదేనన్నాడు. పట్టు జారకుండా అంచు మీదా, కింద నీటిబుగ్గల దగ్గరా గనుల హక్కులు రాయించుకున్నాడు. తవ్వితే దక్కే విలువైన ఖనిజమేమీ అక్కడ లేదు. దక్కేది యాత్రికుల డబ్బే.

కాన్యన్‌ను జాతీయ ఉద్యానవనం చేయడానికి అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఎంతకూ కదల్లేదు. దాంతో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1906 నాటి పురావస్తు చట్టాన్ని పట్టుకుని, 1908 జనవరి 11న ఒక్క సంతకంతో 8 లక్షల ఎకరాలను ప్రభుత్వ రక్షణలో ఉండే జాతీయ స్మారకంగా ప్రకటించాడు. పాత కట్టడాల కోసం పుట్టిన చట్టం ఇంత పెద్ద లోయకు ఎలా వర్తిస్తుందని కామెరాన్ సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. 1920లో ఓడిపోయాడు. అయినా మరుసటి ఏడే సెనేటరై కూర్చుని, అప్పటికి జాతీయ ఉద్యానవనమైన కాన్యన్ నిధులకు గండి కొట్టాలని చూశాడు. చదివినప్పుడే ఒళ్లు మండింది. ఆ బాట మీద నిలబడితే ఇంకా మండింది.

ఒకటిన్నర మైలు దిగాక విశ్రాంతి మండపం దగ్గర కుళాయి ఉంది. ఎవరైనా సీసా నింపుకోవచ్చు, పైసా అడిగేవారు లేరు. అలిపిరి మెట్ల దారిలో కుళాయి కింద దోసిలి పట్టినప్పటి హాయి కలిగింది. రూజ్‌వెల్ట్ సంతకానికి మనసులో దండం పెట్టుకున్నాను.

అక్కడి నుంచి ఇంకో మూడు మైళ్లు దిగితే కామెరాన్ పట్టుబట్టిన నీటిబుగ్గలు వస్తాయి. నా మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆయనకంటే ఎంతో ముందు అక్కడ మొక్కజొన్న, చిక్కుడు పండించుకున్నది హవసుపాయి అనే ఆదివాసీ జనం. వ్యాపారి నుంచి లోయను కాపాడిన ప్రభుత్వమే వాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టింది. ఇది నాకు మింగుడు పడలేదు. ఆ చోటికి 2022లో హవసుపాయి గార్డెన్స్ అని పేరు మార్చారు. 1975లోనే కాంగ్రెస్ వాళ్లకు 1,85,000 ఎకరాలు తిరిగి ఇచ్చింది, కానీ ఆ బుగ్గల దగ్గరి పొలాలు అందులో లేవు.