బసంత్‌నగర్ గేటు మీద బోర్డు మారింది, మరి సిమెంటు?

హన్మకొండల మా గల్లీ మొత్తం ఇప్పుడు ఇండ్లు కట్టుడే పని, ఎవరు కలిసినా నన్ను ఒకటే అడుగుతున్నరు, మీ మామ పనిచేసిన బసంత్‌నగర్ కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ వేరేటోళ్లకు పోయిందట గదా, ఇగ ఆ బస్తా మునుపటి లెక్కనే ఉంటదా అని. నా జవాబు కూడా ఒకటే. సున్నపురాయి గుట్ట ఎక్కడికీ పోలే, పక్కన బొగ్గు ఎక్కడికీ పోలే, మారింది పేరే. కానీ నిలబడి చెప్పేంత చిన్న ముచ్చట కాదు గాబట్టి ఇక్కడ రాస్తున్న.

కేశోరాం అంటే మొదట సిమెంటు కానే కాదు, 1919ల కలకత్తాల మొదలైన బట్టల మిల్లు కంపెనీ. ఆ కంపెనీ బి.కె. బిర్లా కాలంల మన దిక్కు వచ్చి, అప్పటి కరీంనగర్ జిల్లాల, ఇప్పటి పెద్దపల్లి జిల్లాల, బసంత్‌నగర్ దగ్గర 1969ల మొదటి కిల్న్, అంటే రాయి కాల్చే బట్టీ, నడిపింది. అది ఏడాదికి 2.1 లక్షల టన్నులది, 1971ల అంతే కెపాసిటీతోని రెండోది, 1978ల 2.5 లక్షల టన్నులతోని మూడోది. ఇయ్యాల్టి లెక్కల చిన్నగనే కనిపిస్తది గని అప్పుడు ఆ చుట్టుపక్కల పొలాలు తప్ప పనే లేని ఊర్లకు అది ఎంత పెద్దదో మా అమ్మమ్మ వాళ్లను అడగాలె.

ఎక్కడో కలకత్తా కంపెనీ ఇక్కడికే ఎందుకొచ్చిందంటే, ఒక టన్ను క్లింకర్‌కు, అంటే నూరితే సిమెంటయ్యే కాల్చిన గోలీలకు, దగ్గర దగ్గర టన్నున్నర సున్నపురాయి కావాలె, కాలుస్తుంటే అందులోంచి గ్యాస్ పోయి బరువు తగ్గుతది, అంత రాయిని దూరం మోసుడు దండుగ గాబట్టి ఫ్యాక్టరీయే రాయి దగ్గరికి రావాలె. రాయి ఇక్కడ గోదావరి పట్టీల ఉంది. కాల్చేటందుకు గోదావరిఖని సింగరేణి బొగ్గు ఉంది. సరుకు పంపేటందుకు కాజీపేట-బల్లార్షా లైను ఉంది, రాఘవాపురం స్టేషన్ పక్కనే. 1983ల రామగుండం ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు మొదటి యూనిట్ నడిచినంక బొగ్గు బూడిద కూడా పక్కనే దొరికింది, ఇప్పుడు మనం కొనే పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు, బస్తాల కలిసేది గసొంటి బూడిదే. ఒక్క రామగుండం చుట్టూ ఇవన్నీ ఉన్నయి, బయటి నుంచి తెచ్చుకునేది పెద్దగ ఏమన్న ఉంటే జిప్సమే.

అప్పట్ల సిమెంటు కొనుడే ఒక పెద్ద కథ. కంట్రోల్ రోజులు, ధర సర్కారుది, పంపకం సర్కారుది, ఇల్లు కట్టుకునేటోడు తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి పర్మిట్ తెచ్చుకుంటే గాని బస్తాలు దొరికేటివి కావు. మండలాలు కూడా ఇంకా రాలేదు అప్పటికి. ఫ్యాక్టరీ పొగ కనిపించే ఊర్లె ఉండి సిమెంటుకు పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టిన్నని మా తాత నవ్వుకుంట చెప్పేటోడు. 1982 ఫిబ్రవరిల సగం కంట్రోల్ తీసేసిన్రు, 1989 మార్చిల మొత్తం. దాని తర్వాతనే ఊరూరికి డీలర్లు, గోడల మీద పెయింటు అడ్వర్టైజ్‌మెంట్లు, క్రికెట్ ప్లేయర్ల బొమ్మలు.

మామ బర్నర్, అంటే కిల్న్ దగ్గర మంట చూసేటోడు. చిన్నప్పుడు నాకు అదేం ఉద్యోగమో అర్థం కాకపోయేది, మంట చూస్తే జీతమిస్తరా అని. చేతిల నీలం అద్దం పట్టుకొని చిన్న కంతలకెళ్లి లోపలికి చూడాలె, అద్దం లేకుంటే ఆ వెలుగుకు కండ్లు పోతయి, లోపల సరుకు 1450 డిగ్రీల దగ్గర ఉడుకుతుంటది, మంట అయితే ఇంకా ఎక్కువ. కిల్న్ అంటే కొంచెం వాలుగ పండవెట్టిన పెద్ద ఇనుప గొట్టం, లోపల ఫైర్ బ్రిక్స్, మెల్లగ తిరుగుతనే ఉంటది, పై నుంచి ప్రీహీటర్ల వేడెక్కిన పొడి కిందికి జారుకుంట వచ్చి నల్లటి గోలీలసొంటి క్లింకర్ అయి కూలర్ల పడ్తది. ఆ క్లింకర్‌ను జిప్సంతోని, పీపీసీ అయితే బూడిదతోని కూడా కలిపి మిల్లుల నూరితే సిమెంటు.

క్లింకర్ మంచిగ కాలిందా లేదా అనేదానికి మామ వాళ్లు చేసే పని నాకు మస్తు ఇష్టం. జల్లెడ పట్టి ఒక్క సైజు గోలీలు తీసి, లీటర్ డబ్బ నిండ పోసి తూకమేస్తరు. 1200, 1300 గ్రాములట్ల వస్తే సరే, తక్కువొస్తే కాలలే, సున్నం కలవకుండ మిగిలిపోయిందని, మరీ ఎక్కువొస్తే మాడింది, మిల్లుల నూరేటప్పుడు కరెంటు తింటదని. లిటర్ వెయిట్ అంటరు దాన్ని. పక్కన ఎంత పెద్ద ల్యాబ్ ఉన్నా ఈ డబ్బ తూకం మాత్రం బంద్ కాలే అంటడు మామ.

కరెంటు పోతే అసలు పరీక్ష. వేడి మీద ఉన్న కిల్న్ తిరగకుంట ఆగితే దాని బరువుకు అదే వంగుతది, అందుకే డీజిల్ ఇంజన్ మీద మెల్లగ తిప్పుతనే ఉండాలె. లోపల ఇటుక పడిపోతే రాత్రిపూట బయటి ఇనుము ఎర్రగ మెరుస్తది, రెడ్ స్పాట్ అంటరు, గది కనవడ్డదంటే పండుగ లేదు పబ్బం లేదు, "అల్లుడా, బతుకమ్మకు రానని మీ అత్తకు చెప్పు" అని ఫోన్ వచ్చేది.

ఇగ అసలు ప్రశ్న. 2023 నవంబర్ ఆఖరుకు ప్రకటించిన్రు, 2025 మార్చి 1 నుంచి కేశోరాం సిమెంటు వ్యాపారం అల్ట్రాటెక్‌ల కలిసింది. నగదు ఇచ్చి కొన్నది కూడా కాదు, 52 కేశోరాం షేర్లకు 1 అల్ట్రాటెక్ షేర్ ఇచ్చిన్రు. బసంత్‌నగర్‌తో పాటు కర్ణాటకల సేడం ప్లాంటు కూడా పోయింది, రెండూ కలిపి 1.075 కోట్ల టన్నుల కెపాసిటీ. అల్ట్రాటెక్ కుమార మంగళం బిర్లాది, అంటే బి.కె. బిర్లా మనవడే, తాత నడిపిన ప్లాంటు మనవడి కిందికి వచ్చినట్టు. బయటోళ్లకు పోయిందని బాధపడేటోళ్లకు నేను ఇది చెప్తుంట. నిజంగ బయటికి పోయింది అంటే మంచిర్యాల జిల్లా దేవాపూర్‌ల ఓరియంట్ సిమెంటు, 1982ల మొదలైంది, సి.కె. బిర్లా వాళ్లది, అది 2025 ఏప్రిల్‌ల అదానీ గ్రూపు అంబుజా చేతికి పోయింది. రెండు నెలలు తిరగకముందే మన దిక్కు రెండు పాత ఫ్యాక్టరీల గేటు మీద పేర్లు మారినయి.

బ్రాండ్ గురించి కొట్లాడుకునేటోళ్లు బస్తా మీద రాసింది మాత్రం చదవరు, అదే నాకు కోపం. ఓపీసీనా, అంటే బూడిద కలవనిదా, పీపీసీనా చూడాలె, ఏ వారం ఏ సంవత్సరం ప్యాక్ చేసిన్రో అచ్చు వేసి ఉంటది, అది చూడాలె. మూడు నెలలు గోదాంల తేమకు పడి ఉన్న బస్తా ఏ బిర్లాదైనా ఏ అదానీదైనా పట్టు తగ్గుతది. పీపీసీతోని స్లాబు పోస్తే కనీసం పది రోజులు నీళ్లు పట్టాలె, మేస్త్రీ ఏడు రోజులు చాలన్నాడని మోటరు బంద్ చెయ్యొద్దు, బూడిద కలిసిన సిమెంటు మెల్లగ గట్టిపడ్తది గాబట్టి. మా గల్లీల పోయిన వారం స్లాబు పోసినోళ్లకు ఈ ఒక్క ముక్క చెప్తే మడులు కట్టి నీళ్లు నిలబెట్టిన్రు, మంచిపని చేసిన్రు.