సాక్సు బొమ్మ నన్ను కూచోమంది

"అసలు నీ ఉద్యోగం ఏంటే?" అని మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. చిన్నపిల్లలకు బొమ్మలాట చూపిస్తాను, వాళ్లతో బొమ్మలు చేయిస్తాను, అంతే పిన్నీ.

మొదట్లో తోలుబొమ్మలాట అంటే రామాయణమే అనుకుని నాలుగేళ్ల పిల్లలకు లంకాదహనం మొత్తం ఆడించాను. పదో నిమిషానికే ఒకడు తెర వెనక్కి వచ్చేసి బల్బు మీదికి చెయ్యి చాపాడు (కాలలేదు గానీ ఆ రోజే ఎల్‌ఈడీ టార్చికి మారిపోయా), ఇంకో పాప ఒకటే ఏడుపు. పాత ఆటగాళ్లు నాకంటే తెలివైనవాళ్లు, రాత్రంతా సాగే కథ మధ్యలో జుట్టుపోలిగాణ్ణి, బంగారక్కను దింపి జనాన్ని నవ్వించేవాళ్లు. ఇప్పుడు నా ఆట ఎనిమిది నిమిషాలే, మిగతా టైమంతా పిల్లలదే.

తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట అనే ఊళ్లో మేకతోలును వెలుతురు అవతలికి కనబడేంత పలచగా చేసి, చిల్లులు కొట్టి, రంగులేస్తారు. తరగతిలో అదెక్కడ కుదురుతుంది? పాత శుభలేఖలు, చీపురుపుల్లలు, జిలాటిన్ కాగితాలతో కానిచ్చేస్తాం. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ గీసినట్టు పడుతుంది, దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. ఇది నేను చెప్పను, వాళ్లే కనిపెట్టి అరుస్తారు.

మూడు నెలలుగా క్లాసులో నోరు విప్పని ఒక బాబు, సాక్సు బొమ్మ తొడుక్కుని మొదటిసారి మాట్లాడాడు. అదీ నా మీదే. "నువ్వు కూచో!"

కూచున్నా.

డబ్బుల సంగతంటారా, ఒక స్కూలు వాళ్లు ఆర్నెల్లుగా "వచ్చే వారం" అంటూనే ఉన్నారు. పిన్నికి మాత్రం చెప్పకండి.