మూడు రోజుల సభ రెండు రోజులైంది: వెబ్‌సైట్ క్యాలెండర్‌తో నా అనుభవం

మా సంఘం వెబ్‌సైట్‌లో కార్యక్రమాల క్యాలెండర్ పెట్టే పని నిన్నటితో తెమిలింది. ప్లగిన్ (వెబ్‌సైట్‌కి అదనపు సౌకర్యం జోడించే చిన్న ప్రోగ్రామ్) వేయడం, రంగులు మార్చడం, పేజీలో అతికించడం ఎవరైనా చేసుకోగలిగినవే.

తలనొప్పంతా తేదీల దగ్గరే. సభ 12 నుంచి 14 వరకు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఐసీఎస్ ఫైల్‌ని (కార్యక్రమాల తేదీలు, వేళలు ఉండే క్యాలెండర్ ఫైల్) ఎక్కిస్తే, క్యాలెండర్‌లో రంగు పట్టీ 13తోనే ఆగిపోయింది. కార్యదర్శి గారు నిండు మీటింగ్‌లో "తేదీ కొట్టడం కూడా రాదా అండీ?" అన్నారు. పక్కవాళ్లు నవ్వారు. ఆ తేదీ కొట్టింది నేను కాదు, కానీ ఆ నవ్వుల మధ్య చెబితే వినేదెవరు? ప్లగిన్ వాళ్లకి మెయిల్ పెడితే "క్యాష్ క్లియర్ చేయండి" అన్నారు, అంటే దాచి ఉంచిన పాత కాపీలు చెరిపేయమని. చేశాను. మళ్లీ రాస్తే మళ్లీ అదే మాట. ఏ జబ్బుకైనా ఒకటే మాత్ర రాసిచ్చే రకం.

చివరికి ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. లోపలంతా మామూలు టెక్స్టే, భయపడేదేం లేదు. మొదలయ్యే తేదీకి "డీటీస్టార్ట్" దగ్గర 12, ముగిసే తేదీకి "డీటీఎండ్" దగ్గర 14. చూస్తే సరిగ్గానే ఉందనిపిస్తుంది. కానీ 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545 (ఈ ఫైళ్లు ఎలా రాయాలో చెప్పే ప్రమాణం) ప్రకారం ముగింపు తేదీ లెక్కలోకి రాదు. రోజంతా ఉండే కార్యక్రమం 14న ముగిస్తే అక్కడ 15 రాయాలి! ప్లగిన్ రూల్ ప్రకారమే చూపించింది, తప్పు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి సపోర్ట్ వాళ్లకు నోరు రాలేదు, నేనే పట్టుకున్నాను. ఆ లైన్ల స్క్రీన్‌షాట్ కార్యదర్శి గారికి పంపితే "ఓకే" అని వచ్చింది. అంతే. నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని పెద్దమనుషులకు ఎవరు చెబుతారు?

మీరూ పెట్టబోతుంటే, సభ్యులను ఫైల్ ఇంపోర్ట్ చేసుకోమనకండి, తర్వాత మీరు చేసే మార్పులు వాళ్లకు చేరవు. లింక్‌తో సబ్‌స్క్రైబ్ అవ్వమనండి. అయినా గూగుల్ క్యాలెండర్ ఆ లింక్‌ని మళ్లీ చూసేసరికి గంటలు పడుతుంది, కాబట్టి ఆఖరి నిమిషంలో వేళ మారితే మెసేజ్ పెట్టాల్సిందే. "ప్రతి నెలా 31" అని రిపీట్ పెడితే 31 లేని నెలల్లో కార్యక్రమమే కనపడదు. "నెల చివరి రోజు" అనే ఆప్షన్ ఉంటే అది ఎంచుకోండి. ఫోన్‌లో నెల గడులు ఎవరికీ కనపడి చావవు, జాబితా పెట్టండి. మా కమిటీకి మాత్రం గడులే కావాలట, పెట్టాను.