ఫ్రీగా వచ్చిన గాజుముక్క: ఎయిర్ షో లెన్సుతో నా అనుభవం

నిన్న తెల్లవారుజామున బెంగళూరు దగ్గర యలహంకలో జరిగిన ఏరో ఇండియా ఎయిర్ షో నుంచి తిరిగొచ్చాను. మెడ పట్టేసింది. కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. అయినా ఇప్పుడే రాసేయాలి. రెండు వారాలు పోతే కోపం చల్లారిపోయి, నేను కూడా అందరిలాగే "మంచి లెన్సు, కళ్లు మూసుకుని కొనుక్కోండి" అనేస్తాను.

ఈ పిచ్చి బేగంపేటలో మొదలైంది. 2024 జనవరిలో అక్కడ జరిగిన వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనకు వెళ్లినప్పుడు నా దగ్గర నికాన్ డి7500 కెమెరా, దానికి 70-300 లెన్సు ఉండేవి (అంకెలు ఎంఎంలలో, ఎంత పెద్దవైతే అంత దూరంది దగ్గరగా కనబడుతుంది). ఎయిర్ ఇండియా వాళ్ల కొత్త ఏ350 విమానం నేల మీద నిలబడి ఉంటుంది కాబట్టి దానికి ఫోనైనా చాలు. వైమానిక దళం విన్యాసాల జట్టు సారంగ్ వాళ్ల ధ్రువ్ హెలికాప్టర్లు పైకి లేచాకే నాకు ఏడుపొచ్చింది. 300 దాకా లాగినా ఫ్రేములో సగానికి పైగా ఖాళీ ఆకాశమే. పైగా షట్టర్ 1/2000 పెట్టాను, అంటే సెకనులో రెండువేలో వంతు. రెక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయి, దారం కట్టి వేలాడదీసిన బొమ్మల్లా వచ్చాయి. రెక్కలు తిరుగుతున్నట్టు కనబడాలంటే 1/200కి దిగాలి, చెయ్యి నిలకడ ఉన్నవాళ్లు ఇంకా కిందికి. జెట్లకైతే 1/1000 పైమాటే. ఇది తెలియకపోవడం నా తప్పు. కానీ ఆ రోజు నేరమంతా 300 అనే అంకె మీద తోసేశాను.

ఆ తర్వాత పది నెలలు రాత్రిళ్లు ఇంకా పొడుగు లెన్సు వెతకడమే పని. చివరికి మూడు మిగిలాయి: సిగ్మా 150-600 కాంటెంపరరీ, టామ్రాన్ 150-600 జీ2, నికాన్ 200-500. బరువు మూడూ అటూ ఇటూ రెండు కిలోలే, నికాన్‌ది స్టాండుకు బిగించే కాలర్‌తో కలిపి 2.3 కిలోలు. అయినా నికాన్ వైపే మొగ్గాను. 500 దాకా లాగినా ఎఫ్/5.6 మారదు, మిగతా రెండూ చివరికొచ్చేసరికి ఎఫ్/6.3 అవుతాయి (ఎఫ్ పక్కన అంకె పెరిగితే లోపలికొచ్చే వెలుతురు తగ్గినట్టు). ఇంట్లో అడిగితే మాత్రం "రీసేల్ బాగుంటుంది" అని చెప్పాను.

కొత్తది కొనే స్తోమత లేదు. కోఠీలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్‌ది 62 వేలకు మాట్లాడుకున్నాను. ఏడు వేలు తగ్గించడానికి నా 70-300 అక్కడే ఇచ్చేశాను. ఇది గుర్తుపెట్టుకోండి. షాపాయన వదల్లేదు, లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగించి దూరం 1.4 రెట్లు పెంచే టెలికన్వర్టర్ కూడా తీసుకొమ్మన్నాడు, "700 అయిపోతది సార్, పైలట్ మీసం కూడా కనబడ్తది" అన్నాడు. కన్వర్టర్ పెడితే ఎఫ్/8 అవుతుందని, డి7500లో ఉన్న 51 ఫోకస్ పాయింట్లలో ఎఫ్/8 దగ్గర పనిచేసేది ఒక్కటేనని చెప్పాను. ఆయన మొహం చూడాలి! పక్కన నిలబడ్డ కస్టమర్లు కూడా నా వైపు తిరిగి చూశారు. ఇంత తెలిసినవాణ్ణి ఎవడు మోసం చేస్తాడులే అనుకుంటూ బయటికొచ్చాను. అప్పటికే ఆయన "ఇది మా తరఫున ఫ్రీ" అంటూ లెన్సు ముందు 95 ఎంఎం యూవీ ఫిల్టర్, అంటే లెన్సుకు రక్షణగా పెట్టే గాజుబిళ్ల, ఒకటి బిగించేశాడు. నేను థాంక్స్ కూడా చెప్పాను.

డిసెంబర్ 8న, ఆదివారం, హుస్సేన్ సాగర్ మీద వైమానిక దళం జెట్ల జట్టు సూర్యకిరణ్ షో. మధ్యాహ్నం నుంచే ట్యాంక్‌బండ్ మీద చోటు పట్టుకున్నాను. ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పున ఉంటుందని, సాయంత్రం నాలుగింటికి చెరువు వైపు చూస్తే సూర్యుడు సరిగ్గా కళ్లలో కొడతాడని పుట్టి పెరిగిన ఊళ్లో కూడా నాకు తట్టలేదు. నెక్లెస్ రోడ్డు వైపు నిలబడినవాళ్లకు ఎండ వెనక నుంచి పడింది. తొమ్మిది హాక్ జెట్లు ఒకేసారి మీదికొచ్చాయి. ఈ లెన్సులో 200 కంటే వెనక్కి వెళ్లే దారి లేదు. తొమ్మిదింటిలో ఏడే ఫ్రేములో పట్టాయి, మిగతా రెండింటి రెక్కలు ఫ్రేము అంచున తెగిపోయాయి. నా కెమెరాలోని క్రాప్ సెన్సర్ (చిన్న సైజుది) మీద 200 ఎంఎం లెన్సు అర కిలోమీటరు దూరంలో చూపించే వెడల్పు 59 మీటర్లే. ఈ లెక్క ఇంటికొచ్చాక వేశాను. కొనకముందు వేయాల్సింది.

అదన్నా సరే అనుకోవచ్చు. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఒక్కటంటే ఒక్క ఫొటో కూడా షార్ప్‌గా లేదు. ప్రతి విమానం అంచు పక్కన ఇంకో అంచు, తడి కాగితం మీద ఇంకు పాకినట్టు. తోక మీద గీతలు ఉండాల్సిన చోట మచ్చ. మా బావమరిది భుజం మీంచి తొంగి చూసి, "బావా, నా ఫోన్లో ఇంకా నయంగా వచ్చాయి" అన్నాడు. నిజంగానే నయంగా వచ్చాయి.

అక్కడి నుంచి నెల రోజులు మనిషిని కాను. గోడకు పేపర్ అంటించి, కెమెరాలో ఫోకస్ కొంచెం ముందుకూ వెనక్కూ సరిచేసే ఫైన్ ట్యూన్‌ను మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా ఒక్కో అంకె మారుస్తూ తీశాను. ఏ అంకె దగ్గరా తేడా లేదు. దాంతో లెన్సు ఎవరి చేతిలోనో కింద పడి ఉంటుందని, లోపల గాజు కదిలిందని తేల్చేశాను. కోఠీ షాపుకు వెళ్లి నలుగురిలో గొంతు పెంచాను. ఆయన నింపాదిగా "సెకండ్ హ్యాండ్‌కు వారంటీ ఉండదని బిల్లు మీద రాసుంది సార్" అని వేలితో చూపించాడు. నిజంగానే రాసుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. మళ్లీ వెళ్లాను. మూడోసారి వెళ్తే షాపు కుర్రాడు నన్ను చూడగానే లోపలికి జారుకున్నాడు. ఈలోపు తెలిసిన ప్రతివాడికీ ఆ షాపాయన దొంగ అని చెప్పాను.

జనవరిలో ఎవరో చెబితే ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. మెట్ల కింద చిన్న గది. ఒక టేబుల్ లైటు, టీ గ్లాసులో స్క్రూలు. డిగ్రీ చదువుతున్నట్టున్న కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. నేను ఫైల్ తెరిచాను, అవును, ఫైలే. ప్రింట్లు తీసి, అంకెలు రాసి, ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టాను. "లోపల ఎలిమెంట్ డీసెంటర్ అయింది, అంటే గాజు పక్కకు జరిగింది, విప్పి సరిచేయాలి" అని వివరించడం మొదలుపెట్టాను. ఓ పావుగంట చెప్పి ఉంటాను. వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఆ పిల్లాడు ఒక్క ప్రింటూ చూడలేదు. లెన్సు మూత తీసి, లైటు కిందికి వంచి, "అన్నా, గీ గ్లాసు ఎవరు పెట్టిన్రు?" అన్నాడు.

ఫిల్టర్ బిగుసుకుపోయి రాలేదు. డబ్బా మూతలు తిప్పే రబ్బరు పట్టీ చుట్టి తిప్పాడు, కిర్రుమంటూ వచ్చింది. కెమెరా నా చేతికే ఇచ్చి, రోడ్డు చివర ఉన్న మెడికల్ షాపు బోర్డు 500లో తీయమన్నాడు, గాజు ముందు పట్టి ఒకటి, లేకుండా ఒకటి. మొదటి దాంట్లో ఫోన్ నంబర్లోని 8 అంకెకు కవల పిల్ల పుట్టినట్టు పక్కన ఇంకో 8. రెండో దాంట్లో బోర్డు మీద తుప్పు చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు.

"పొడుగు లెన్సు కదన్నా, గాజుల జర వంకరున్నా మస్తు కనబడ్తది. చిన్న లెన్సుకైతే ఎర్కనే కాదు" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లలో ఒకాయన నవ్వాడు. నవ్వాపుకుందామని ప్రయత్నించాడు, అదే ఎక్కువ బాధ. నేను ప్రింట్లన్నీ మళ్లీ ఫైల్లో సర్దుకుంటూ ఉంటే ఒకటి జారి కింద పడింది. ఆయనే వంగి తీసిచ్చాడు. "ఎంతివ్వాలి?" అంటే, "విప్పిందానికి ఏం పైసలన్నా, పో" అన్నాడు పిల్లాడు. డబ్బు తీసుకుని ఉంటే కొంచెం బాగుండేది.

కాబట్టి పొడుగు లెన్సు ముందు ఏ గాజూ పెట్టకండి. లెన్సు ముందు గొట్టంలా హుడ్ ఉంటుంది, దెబ్బ తగిలితే అది చూసుకుంటుంది. ఫ్రీగా ఏదైనా బిగిస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. షాపాయన దొంగ అన్న మాట వెనక్కి తీసుకున్నానా అంటే, లేదు. ఆ గాజు పెట్టింది ఆయనే కదా.

ఏరో ఇండియా ప్రయాణంలో చెప్పుకోదగ్గ కష్టం లేదు. ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల డిస్‌ప్లే ఏరియా టికెట్, రాత్రి బస్సు, పొద్దున్నే గేటు దగ్గర లైను. ధ్రువ్‌లను ఎగరకుండా ఆపేయడంతో ఈసారి సారంగ్ లేదు. ఏడాదిగా దాచుకున్న 1/200 అలాగే మిగిలిపోయింది. ఒంటికాలి స్టాండు, మోనోపాడ్, మోసుకెళ్లాను కానీ నెత్తిమీది విమానానికి అది దేనికీ పనికిరాదు. వైబ్రేషన్ తగ్గించే స్విచ్ స్పోర్ట్ మీద ఉంచండి. మధ్యాహ్నం రన్‌వే మీద కదులుతున్న విమానాలు తీస్తే మళ్లీ నీళ్లలో చూసినట్టు వచ్చాయి. ఒక్క క్షణం గుండె ఆగింది. ఈసారి ఫైల్ తయారు చేయలేదు. కాంక్రీటు నుంచి లేచే వేడి గాలి అది, ఎంత పొడుగు లెన్సైతే అంత పెద్దగా కనబడుతుంది. లక్షలు పోసినా పోదు, పొద్దున్నే తీయాలి లేదా విమానం పైకి లేచేదాకా ఆగాలి.

రష్యా యుద్ధవిమానం సు-57 మాత్రం దక్కింది. నిటారుగా లేస్తుంటే రెండు ఇంజన్ల మంట, పొట్ట మీది అతుకులతో సహా. బావమరిదికి అర్ధరాత్రే పంపాను, ఇంతవరకు జవాబు లేదు. సూర్యకిరణ్ తొమ్మిదింటినీ పట్టడానికి కెమెరాతో వచ్చిన 18-140 జేబులో పెట్టుకెళ్లాను. ఆ దుమ్ములో లెన్సు మార్చేసరికి సెన్సర్ మీద మూడు మచ్చలు. తిరిగి పెద్దది బిగించేలోపు తర్వాతి విమానం లేచిపోయింది.

ఇందాక కూర్చుని, ఉంచుకున్న ఫొటోలు ఏ అంకె దగ్గర తీశానో చూశాను. ఎక్కువ భాగం 200కీ 350కీ మధ్యవే. సిగ్మా 100-400 అయితే 1,160 గ్రాములే, దీంట్లో సగం. ఆ లెన్సైతే ఈ భుజం నొప్పి ఉండేది కాదు. అయినా దీన్ని అమ్మను, దీని కోసం ఇంత పరువు పోగొట్టుకున్నాక.

పొద్దున కోఠీ వెళ్లాను, నా 70-300 తిరిగి కొనుక్కుందామని. అద్దాల బీరువాలో అదే చోట ఉంది. ఏడు వేలకు ఇచ్చిందాన్ని పదకొండున్నర అంటున్నాడు. దాని ముందు కొత్త ఫిల్టర్ మెరుస్తోంది, ఫ్రీ అట.