లియోన్‌లో ఫ్రెంచ్ సాహిత్యం, సినిమా చదివాను: నా అనుభవం

హైదరాబాద్‌లో ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకునేవాళ్లలో చాలామంది మార్కుల కోసమే తీసుకుంటారు. నేనూ అందుకే తీసుకున్నాను. కానీ తర్వాత వదలబుద్ధి కాలేదు. డిగ్రీలోనూ అదే చదివి, డెల్ఫ్ బీ2 అనే ఫ్రెంచ్ భాషా పరీక్ష పాసై, అక్కడ చదువుకోవాలనుకునేవాళ్లని చూసే ఫ్రెంచ్ ప్రభుత్వ సంస్థ కాంపస్ ఫ్రాన్స్ ఇంటర్వ్యూ దాటి, ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఒక యూనివర్సిటీలో సాహిత్యమూ సినిమా కలిపి చదివే మాస్టర్స్‌లో చేరాను. వీసా గురించి, అద్దె గది గురించి, బ్యాంకు అకౌంట్ గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి అవి వదిలేస్తున్నాను. క్లాసులో ఏం జరుగుతుంది, ఎలా నెట్టుకురావాలి, చదివాక ఆ దేశం గురించి ఏం అర్థమైంది, అదే రాస్తాను.

మొదటి సెమిస్టర్లో నాకు అసలు టెన్షన్ పెట్టింది భాష కాదు, పద్ధతి. మన దగ్గర సందర్భసహిత వ్యాఖ్య రాసేవాళ్లం గుర్తుందా, కవి పరిచయం, సందర్భం, భావం, అయిపోయింది. ఇక్కడ ఇరవై పాతిక లైన్లు చేతిలో పెడతారు. కథ ఎంతవరకు వచ్చిందో ఒక్క మాటలో చెప్పి నేరుగా ఆ లైన్లలోకి దిగాలి. ఇందులో ఎన్ని మలుపులున్నాయి, వాక్యాలు ఇక్కడ ఒక్కసారిగా ఎందుకు చిన్నవయ్యాయి, క్రియ ఎందుకు ఈ కాలంలోకి మారింది, ఎవరి కళ్లతో చూస్తున్నాం, ఇలా లైను లైనుకీ జవాబు చెప్పాలి. రచయిత ఎప్పుడు పుట్టాడో ఎవరూ అడగరు. ఇక దిసెర్తాసియోఁ, అంటే వాదనతో రాసే పెద్ద వ్యాసం, ఒకే ప్రశ్న, నాలుగు గంటలు. ఆ ప్రశ్నలో దాగున్న చిక్కేమిటో ముందు మనమే పట్టుకుని, వాదన కట్టి, దాన్ని మనమే ఎదిరించి, ఆ రెండూ దాటి ముందుకు వెళ్లాలి. మార్కులు 20కి. 10 వస్తే పాస్, 14 వస్తే క్లాసులో వాళ్లు తిరిగి చూస్తారు.

నా పక్కన కూర్చునే ఫ్రెంచ్ పిల్లలకి ఇదంతా కొత్త కాదు. లిసేలో, అంటే మన ఇంటర్ వయసులోనే, బడి చదువు చివర రాసే బకలోరియా పరీక్ష కోసం ఇదే చేసి వస్తారు. లెక్కలు చదివే పిల్లలైనా సరే, ఫ్రెంచ్ పేపర్లో నాలుగు గంటలు కూర్చుని ఇలాగే రాయాలి, తర్వాత ఓరల్‌లో పరీక్షకుడి ముందు ఒక గద్యభాగాన్నో పద్యాన్నో విప్పి చెప్పాలి. ఇది తెలిశాక నాకు ఆ దేశం వేరుగా కనిపించడం మొదలైంది. ఫ్రెంచ్ సంస్కృతి అంటే పారిస్, వైన్, ప్రేమకథలు అనుకుని వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు వాళ్ల బడిని చూడండి. అప్పటి విద్యామంత్రి జూల్ ఫెరీ చట్టాలతో 1881లో ప్రభుత్వ ప్రాథమిక బడి ఉచితమైంది. 1882లో చదువు తప్పనిసరి అయింది, బడిలోంచి మతబోధనని తీసేశారు. ఊరికో యాస, ప్రాంతానికో భాష ఉన్న పిల్లలందరినీ ఒకే ఫ్రెంచ్‌లోకి తెచ్చే పని బడి మీద పడింది. ఆ పనిలో ఎవరు గెలిచారు, ఎవరు సిగ్గుపడ్డారు అన్నదే వాళ్ల సాహిత్యంలో, సినిమాలో మళ్లీ మళ్లీ వస్తుంది.

దీన్ని నాకు చూపించిన పుస్తకం ఫ్రెంచ్ రచయిత్రి అనీ ఎర్నో తన తండ్రి గురించి రాసిన 'లా ప్లాస్'. 1983లో వచ్చింది, మరుసటి ఏడు రెనోదో సాహిత్య బహుమతి, 2022లో ఆమెకి నోబెల్. చాలా చిన్న పుస్తకం, భాషా తేలిక, బీ2 స్థాయిలో ఉన్నవాళ్లు ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. ఆమె తల్లిదండ్రులు నార్మండీలో ఇవ్‌తో అనే ఊళ్లో చిన్న కిరాణా కొట్టూ కఫే నడిపేవాళ్లు. పుస్తకం మొదలయ్యేది మాత్రం లియోన్‌లోనే, క్రువా-రూస్ కొండమీది ఒక లిసేలో, టీచరు ఉద్యోగ పరీక్షతో. ఇన్‌స్పెక్టర్ చూస్తుండగా ఆమె పిల్లలకి పందొమ్మిదో శతాబ్దపు నవలాకారుడు బాల్జాక్ నవలలోని లైన్లు వివరిస్తుంది. పాసవుతుంది. సరిగ్గా రెండు నెలలకి తండ్రి చనిపోతాడు. చిన్నప్పుడే బడి మానేసి పొలం పనికి వెళ్లిన మనిషి, నలుగురిలో ఎక్కడ తప్పు మాట దొర్లుతుందో అని జీవితమంతా భయపడిన మనిషి. ఆయన గురించి ఆమె ఒక్క అలంకారం కూడా లేకుండా రాస్తుంది, కావాలనే. బడి నేర్పిన అందమైన భాషలో రాస్తే అది తండ్రికి ద్రోహమవుతుందని ఆమె బాధ. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు. నా ఇంగ్లిష్ మీడియం స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అంటే అమ్మని పంపి తను గేటు బయటే నిలబడేవాడు. ఆ పుస్తకం నేను ఒక్క రాత్రిలో చదివాను, మర్నాడు మళ్లీ మొదటినుంచీ చదివాను.

సినిమా క్లాసు కూడా అంతే శ్రమ. చూసి బాగుందనో బాగాలేదనో చెప్పడం కుదరదు. ఐదు నిమిషాల సీన్ తీసుకుని షాట్ షాట్‌కీ పట్టిక వేయాలి: కెమెరా ఎక్కడుంది, ఎంత దగ్గరగా ఉంది, ఎంతసేపు ఉంది, శబ్దం ఫ్రేములోంచి వస్తోందా బయటినుంచా. దానికే ఒక ఆదివారం పోతుంది. సబ్‌టైటిల్స్ ఉండవు. నేను చేసింది, మొదటిసారి బొమ్మ ఆపేసి మాటలు మాత్రమే వినడం, రెండోసారి మాటలు ఆపేసి బొమ్మ మాత్రమే చూడడం. విద్యార్థులకి మంచి అవకాశం లియోన్‌లోనే ఉన్న సినిమా సంస్థ, లూమియేర్ ఇన్‌స్టిట్యూట్. అది ఉన్న వీధి పేరే 'మొదటి సినిమా వీధి', 1895లో కార్మికులు ఫ్యాక్టరీ నుంచి బయటకి వస్తుండగా లూమియేర్ సోదరులు తమ మొదటి సినిమా తీసింది అక్కడే, ఇప్పుడు ఆ షెడ్డు సినిమా హాలు.

పాత సినిమాలు పెద్ద తెర మీద చూడాలి, ముఖ్యంగా దర్శకుడు త్రుఫో తీసిన 'లె కాత్ర్ సాఁ కూ'. 1959లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చిన సినిమా. అందులో ఆంత్వాన్ అనే పిల్లాడు బాల్జాక్‌ని ఎంత ఇష్టపడతాడంటే ఫొటో పెట్టి దీపం వెలిగిస్తాడు, బడిలో వ్యాసం రాయమంటే ఆ వాక్యాలే రాస్తాడు, మాస్టారు కాపీ కొట్టావని గెంటేస్తాడు. ఎర్నోకి ఉద్యోగం తెచ్చిన బాల్జాకే ఈ పిల్లాడిని బడి బయటికి నెట్టాడు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి నేను ఎక్స్‌పోజే, అంటే క్లాసులో ప్రసంగం, ఇచ్చాను, అదే నా మెమ్వార్‌కి, అంటే మాస్టర్స్ థీసిస్‌కి, పునాది అయింది.

దానికి మూడోదిగా తీసుకున్నది లోరాఁ కాంతె సినిమా 'ఆంత్ర్ లె ముర్', 2008లో కాన్‌లో అత్యున్నత బహుమతి పామ్ దోర్ గెలిచింది. మూల పుస్తకం రాసిన ఫ్రాన్స్వా బెగొదో స్వయంగా టీచరు పాత్ర వేశాడు, పిల్లలు పారిస్‌లోని నిజమైన బడి పిల్లలు. ఒక సీన్లో టీచరు పాతకాలపు క్రియారూపం ఒకటి చెబుతుంటే పిల్లలు నిలదీస్తారు, ఇలా ఎవరు మాట్లాడతారు సార్ అని. ఇంకో సీన్ నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. మాలీ నుంచి వచ్చిన కుటుంబంలోని సులేమాన్ అనే కుర్రాడిని బడిలోంచి తీసేయాలా అని విచారణ జరుగుతుంటుంది. తల్లికి ఫ్రెంచ్ రాదు. నా కొడుకు మంచివాడు అని ఆమె తన భాషలో చెబుతుంటే, దాన్ని ఫ్రెంచ్‌లో వాళ్లకి చెప్పాల్సింది ఆ కుర్రాడే. కెమెరా ఎక్కడా ఏడిపించాలని చూడదు. ఆ సీన్ షాట్ పట్టిక వేస్తూ మా నాన్న నిలబడే గేటు గురించి మెమ్వార్‌లో ఒక పేజీ రాశాను. మా గైడ్ దాన్ని తీయించలేదు, కానీ ముందుమాటలోకి మార్చమన్నారు, విశ్లేషణలో విశ్లేషణే ఉండాలని.

సూత్నాన్స్‌లో, అంటే మెమ్వార్ మీద జ్యూరీ ప్రశ్నలు అడిగే రోజున, ఒక ప్రొఫెసర్ అడిగారు: ఈ బడి ఫ్రాన్స్‌లోనే ఆగలేదు కదా, ఫ్రాన్స్ పాలించిన వలస దేశాల్లో సంగతేమిటి అని. నేను యానాం గురించి చెప్పాను, 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న తెలుగు ఊరు ఒకటుందని. జ్యూరీలో ఇద్దరు ఆ పేరు రాసుకున్నారు. నాకు 15 వచ్చింది. పీహెచ్‌డీకి దరఖాస్తు ఆ ప్రశ్న మీదే పెడుతున్నాను, యానాం బడుల్లో చదువుకున్న పెద్దవాళ్లు ఎవరైనా మీ ఇళ్లలో ఉంటే, వాళ్లకి ఏ పాఠాలు చెప్పారో, తెలుగు మాట్లాడితే ఏమనేవారో ఇప్పుడే అడిగి రాసిపెట్టండి.