మృగశిర చినుకుల్లో కోనసీమ కప్పలు, నత్తలు

జూన్ రెండోవారంలో మూడు సాయంత్రాలు అమలాపురం చుట్టుపక్కల పొలంగట్ల మీద గడిపాం. మృగశిర వచ్చినా పగలు ఎండ మాడుస్తూనే ఉంది. మొదటిరోజు మధ్యాహ్నం ఉరుములతో మొదలై గంటన్నర గట్టిగా కురిసి వెలిసింది. కప్పలకు కావలసింది ఇలాంటి వానే.

చెరువుల జోలికి పోలేదు. చేపలున్న నీళ్ళలో గుడ్లకూ తోకకప్పలకూ బతుకు తక్కువ. అందుకే చాలా కప్పలు నిన్నటిదాకా లేని నీటిగుంటనే వెతుక్కుంటాయి. ఇంకా దున్నని వరిమడి మూలన జానెడు లోతు నీరు నిలిచింది. వెలుతురుండగానే అక్కడ బావురుకప్పలు దిగాయి. మామూలుగా మట్టిరంగూ ఆకుపచ్చా కలిసినట్టుండే మగవి ఈ రోజుల్లో నిమ్మపండు పసుపుకు తిరుగుతాయి. గొంతుకు రెండు పక్కలా నీలంసంచులు ఉబ్బించి అరుస్తాయి. ఎంత చూసినా తనివి తీరని దృశ్యం!

చీకటి పడ్డాక చెవులదే పని. గట్టు మీద అడుగు పడగానే అరుపులు ఆగిపోతాయి. లైటు ఆర్పి ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే ఒకటి మొదలెడుతుంది, దాని వెనకే మిగతావి. ఇద్దరం పది అడుగుల ఎడంలో నిలబడి అరుపు వైపు చెరో చెయ్యి చాచేవాళ్ళం. రెండు చేతుల దారీ కలిసేచోట వెతకాలి. టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం రెండు మడతలు రబ్బరుబ్యాండుతో బిగించాం. తెల్లలైటు పడితే చాలావరకు నోరు మూసేస్తాయి. దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు వినబడే మోత అంగుళమంత కప్పది. అంత గొంతు చూసి పెద్దదాని కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు. టక్ టక్‌మని కొట్టినట్టుంటే తల పైకెత్తాలి, అది చెట్టుకప్ప. నీళ్ళతొట్టి గోడకు, నీటికి పైన, తెల్లటి నురగముద్ద ఒకటి కనబడింది. దాని గూడే. పిల్లలు కిందికి నీళ్ళలోకి జారతాయి కాబట్టి తొట్టి కడగొద్దని ఇంటివాళ్ళకు చెప్పి వచ్చాం.

నత్తల కోసం తొమ్మిది దాటాక కొబ్బరితోటలోకి వెళ్ళాం. అరటిబోదెల మీద, తడి గోడల మీద ఉన్నవన్నీ ఆఫ్రికా నత్తలే. ఎండల్లో గుల్ల నోటికి పొర కట్టుకుని పడుంటాయి, తడి తగిలితే బయటికొస్తాయి. ఒక్కోటి వందలకొద్దీ గుడ్లు పెడుతుంది, నారుమొక్కలను మిగల్చదు. వీటిని ఒట్టి చేత్తో తాకకూడదు. మెదడుకు జబ్బు తెచ్చే పురుగు వీటిలో ఉండొచ్చు. కాలువలోని నత్తగుల్ల వేరు, దానికి గట్టి మూత ఉంటుంది. ఇది మన ఊరిదే, దీన్ని చంపకండి.

రెండోరోజు అరుపుల రికార్డింగు పాడైంది. వాన తుంపర పడుతుంటే ఫోను గొడుగు కింద పెట్టాం, గుడ్డ మీద చినుకుల చప్పుడే నిండిపోయింది. తాటాకు వేసిన పాక చూరు కిందికి మారిస్తే శుభ్రంగా వచ్చింది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా లెన్సుకు ఆవిరి పడుతుంది. అరగంట ముందే బయట పెట్టాలి. మోకాళ్ళదాకా గంబూట్లు తప్పనిసరి, కప్పలున్నచోటికి పాములూ వస్తాయి. దోమలమందు రాసుకున్న చేత్తో కప్పను ముట్టకండి, దాని చర్మం అన్నిటినీ పీల్చేస్తుంది.

మూడో సాయంత్రం వాన లేదు. అదే మడిలో బావురుకప్పలు నాలుగైదే మిగిలాయి, పసుపు అప్పటికే వెలిసిపోతోంది.